వెచ్చటి పెట్టెకి గవర్నమెంటు గ్రాంటు

నేను ఏడో క్లాసు మధ్యలో బడి మానేశాను. వినడానికి గౌరవంగా ఉంటుందని మానేశానంటున్నాను గానీ, అసలు బడే నన్ను మానేసిందని మా లెక్కల మేష్టారు అనేవారు. ఆ తర్వాత పదేళ్లు అనపర్తి వైపు కోళ్ల హేచరీల్లో గుడ్లు పొదిగే మిషన్లు బాగుచేస్తూ బతికాను. ఒక్కో మిషన్లో వేల గుడ్లుంటాయి. వేడి ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయిందా, పిల్లలు బయటికి రావు. ఓనరు మాత్రం బయటికొస్తాడు.

పెళ్లయ్యాక ధవళేశ్వరంలో కాలవ గట్టు పక్కన సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాను. కొత్త మిషన్లు కూడా చేసేవాణ్ణి. మా షెడ్డులోంచి ఏ మిషను బయటికెళ్లినా పసుపు రాసి బొట్టు పెట్టి పంపడం మా ఆవిడ పెట్టిన ఆచారం. లోపల పుట్టబోయేవి కోడిపిల్లలే కావచ్చు, పుట్టుక పుట్టుకే కదా అనేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒకరోజు రాజమండ్రి నుంచి కబురొచ్చింది. దానవాయిపేటలో పిల్లల ఆసుపత్రి నడిపే డాక్టరమ్మ గారు రమ్మన్నారు. ఆవిడ మావగారికి బిక్కవోలు దగ్గర హేచరీ ఉంది, నా సంగతి ఆయనే చెప్పారట. వెళ్లి నిలబడ్డాను.

"కోళ్ల మిషన్లు చేసేది నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి."

ఆవిడ నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి గాజు మూత ఉన్న ఒక పెట్టె చూపించారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె. విదేశాల నుంచి వచ్చింది. పాడైపోయింది. కంపెనీ మనిషి మద్రాసు నుంచి రావడానికి పదిహేను రోజులు పడుతుందట.

"ఇది బాగుచేయగలవా?"

"మా మిషనుకీ దీనికీ పెద్ద తేడా లేదండి. మా పిల్లలు ఇంకా బయటికి రావాలి, మీ పిల్లలు తొందరపడి ముందే వచ్చేశారు. అంతే."

ఆవిడ నవ్వలేదు. నేను గబగబా స్క్రూడ్రైవరు తీశాను. లోపల మాడిపోయింది ఒక రిలే, వేడిని వేసి ఆపే ముక్క. మా హేచరీ మిషన్లో వేసేదే వేశాను, పెట్టె వేడెక్కింది. చెయ్యి తుడుచుకుంటూ ఉంటే సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

అప్పుడు చూశాను నేను. ఇద్దరు నర్సులు వేణ్ణీళ్లు పోసిన సీసాలు గుడ్డల్లో చుట్టి పట్టుకొచ్చారు. మూలనున్న ఉయ్యాలలో, దూది చుట్టిన ఒక బిడ్డ ఉంది. నా అరచేతిలో పడుకోబెడితే కాళ్లు మణికట్టు దాటవు. సీసాలు ఆ బిడ్డ చుట్టూ పేర్చారు. ఆ గదిలో ఆరేసిన గుడ్డలు తప్ప ఇంకేమీ కదల్లేదు.

"కరెంటు పోయినప్పుడల్లా ఇంతే," అన్నారు డాక్టరమ్మ గారు. "పెట్టె బాగున్నా ఒకటే, పాడైనా ఒకటే. మరీ గంటలు గంటలు తీస్తే కారు కట్టించి కాకినాడ పెద్దాసుపత్రికి పంపేస్తాం."

జనరేటరు కొనలేని చిన్న హేచరీల్లో మేం మిషను అడుగున నీళ్ల పెట్టె పెట్టేవాళ్లం. కరెంటు ఉన్నంతసేపూ నీళ్లు వేడెక్కి, పోయాక ఆ వేడిని నెమ్మదిగా వదుల్తాయి. అదే ఆవిడకి చెప్పాను. "చేసి చూపించు," అన్నారు. అంతే, నేను ఇరుక్కుపోయాను.

ఎనిమిది నెలలు పట్టింది. స్టీలు రేకు, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ మూత, పరుపు కింద నీళ్ల పెట్టె, వేడి చూపించే అంకెలకి చిన్న బ్యాటరీ. కరెంటు పోయినా రెండు గంటలు వేడి నిలిచింది. ఆవిడ దాన్ని వారం రోజులు ఖాళీగా పరీక్షించారు. ఇంకో వారం పరుపు మీద సెలైను సీసాలు పడుకోబెట్టి పరీక్షించారు. గంటగంటకీ నర్సు చేత వేడి రాయించారు. చివరికి కాగితాలన్నీ చూసి, "బాగుందయ్యా," అన్నారు. "కానీ నేను ఇందులో బిడ్డని పడుకోబెట్టను."

నాకు అర్థం కాలేదు. "బాగుందన్నారు కదండీ?"

"బాగుందని నేనంటే చాలదు. షాక్ కొట్టదని, మితిమీరి వేడెక్కదని లేబొరేటరీ వాళ్లు పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకుండా ఒక్క బిడ్డని కూడా పెట్టను. నా బిడ్డనైనా సరే."

పరీక్ష మద్రాసులో. ఎంతవుతుందో కనుక్కున్నాను. షెడ్డు అమ్మేసి, దాంతోపాటు నన్ను కూడా అమ్మేసినా సరిపోదు. అసలు నన్ను ఎవరూ కొనరని మా ఆవిడ అంది. పెట్టె మీద దుప్పటి కప్పి షెడ్డులో ఒక మూలకి నెట్టేశాను. రాజమండ్రి వెళ్లినప్పుడల్లా ఆసుపత్రి వీధిలోంచి కాకుండా ఇంకో వీధిలోంచి తిరిగి వెళ్లేవాణ్ణి.

రెండు నెలలకి డాక్టరమ్మ గారే మళ్లీ పిలిపించారు. చేతిలో పేపరు ముక్క. కొత్త పరికరాలు తయారుచేసే చిన్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందట. వైద్యానికి పనికొచ్చేవైతే మరీ మంచిదట. పరీక్షల ఖర్చు కూడా అందులోనే. అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు.

"డిగ్రీ ఉండాలేమోనండి?"

"డిగ్రీ అడగలేదు. ఆలోచన నీదై ఉండాలన్నారు."

నా జన్మలో మొదటిసారి ఒక గవర్నమెంటు కాగితం నన్ను మనిషిలా చూసింది.

దరఖాస్తు పద్నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. మా ఆవిడ పది పాసైంది. మా ఇద్దరిలో చదువుకున్న మనిషి తనే. భోజనాలయ్యాక వంటింటి గడప దగ్గర కూచుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, రోజుకో పేజీ చొప్పున నింపింది. తప్పులు తర్వాత డాక్టరమ్మ గారు దిద్దుతానన్నారు.

"మీ సంస్థలో శాస్త్రవేత్తలు ఎంతమంది అని అడిగారండీ. ఏం రాయమంటారు?"

"ఒకటిన్నర అని రాయి. నువ్వు ఒకటి, నేను అర."

"అర ఎక్కువే," అని సున్నా వేసింది.

పెట్టె బొమ్మ గీసి భాగాల పేర్లు రాయాలి. ఒక్కోటీ చూపిస్తూ వచ్చాను. చివర్లో, "ఇన్నిట్లో ఏది ముఖ్యం?" అంది.

"రేకు, మూత, నీళ్ల పెట్టె, ఇదంతా ఉత్తి ఒళ్లు. దీని ప్రాణం ఇదిగో, లోపల కాళ్ల వైపు వేలాడుతోంది చూడు, మిరియం గింజంత సెన్సర్, అందులో ఉంది. ఇది చల్లగా ఉందని చెప్తే పెట్టె వేడెక్కుతుంది. వేడిగా ఉందని చెప్తే ఆగుతుంది. ఇది ఏం చెప్తే అదే జరగాలి."

"ఇంటికి ఆడదానిలాగా."

"అంత గట్టిగా మాట్లాడదులే."

పన్నెండో పేజీలో ఒక ప్రశ్న: మీ పరికరంలో ఉన్న లోపాలేమిటి?

"ఏమీ లేవని రాయి," అన్నాను.

"నిజంగా లేవా?"

"పెళ్లిచూపుల్లో నీకు కోపమెక్కువని మీ నాన్న నాకు చెప్పారా?"

"చెప్పుంటే చేసుకునేవారు కాదా?"

"చేసుకునేవాణ్ణే. కానీ ఆయన చెప్పలేదు కదా. ఎవరి సరుకు గురించి వాళ్లు చెడ్డగా చెప్పుకోరు. అదీ పిల్లల్ని పడుకోబెట్టే పెట్టె గురించి అశుభం రాస్తామా?"

దానికి మాత్రం తను ఒప్పుకుంది. పెద్దక్షరాలతో 'నిల్' అని రాసి కింద గీత కూడా గీసింది.

రిజిస్టరు పోస్టులో పంపాం. వర్షాకాలం పోయింది, చలికాలం పోయింది. నేను మామూలుగా కోళ్ల మిషన్లు చేసుకుంటున్నాను. మామిడికాయల రోజుల్లో పక్కన ఎస్టీడీ బూతుకి ఫోనొచ్చింది. కాకినాడ పరిశ్రమల ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు గారు. వచ్చే శుక్రవారం హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసరు గారు మా పెట్టె చూడ్డానికి వస్తున్నారు. ఆయన చూసి రాసేదాన్ని బట్టే గ్రాంటు.

శుక్రవారం పొద్దున్న నేను స్టేషనుకి వెళ్లి ప్రొఫెసరు గార్నీ, ఆఫీసరు గార్నీ ఆటోలో తీసుకొచ్చాను. ప్రొఫెసరు గారు రిటైరైన పెద్దమనిషి. సన్నగా, తెల్ల చొక్కా, ఒక తోలు సంచి. ఆటో కుదుపులకి నేను సారీ చెప్తుంటే, "రోడ్డు మీరు వేశారేంటండీ?" అన్నారు. పర్వాలేదు, ఈయనతో బతకొచ్చు అనుకున్నాను. ఆఫీసరు గారు మాత్రం దారంతా చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నారు.

షెడ్డు అద్దంలా ఉంది. గుమ్మంలో ముగ్గు. పెట్టెకి బంతిపూల దండ, మూత మీద మూడు పసుపు బొట్లు, మధ్యలో కుంకుమ. ప్రొఫెసరు గారు దండ పక్కకి జరిపి, వంగి, నీళ్ల పెట్టె చూశారు, తీగలు చూశారు. మంచి ప్రశ్నలడిగారు. నేనూ బాగానే చెప్పాను. తర్వాత సంచిలోంచి సొంత పాదరసం థర్మామీటరు తీసి పరుపు మీద పెట్టారు.

"ముప్ఫై ఐదు డిగ్రీలకి పెట్టండి. అరగంట చూద్దాం."

పెట్టాను. మా ఆవిడ కాఫీలిచ్చింది. పావుగంటకి పెట్టె మీద అంకెలు ఇరవై తొమ్మిది చూపిస్తున్నాయి. ఆయన థర్మామీటరు ముప్ఫై నాలుగు చూపిస్తోంది. చాన్నాళ్లకి వేశాను కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. అరగంటకి పెట్టె ముప్ఫై ఒకటి అంది. థర్మామీటరు ముప్ఫై ఏడు దాటింది. వేడెక్కుతోందని చెప్పే ఎర్ర లైటు ఆరట్లేదు. ఇంకాసేపటికి థర్మామీటరు ముప్ఫై తొమ్మిది.

ఆయన లేచారు. వెళ్లి స్విచ్చి కట్టేశారు. సంచిలోంచి మా దరఖాస్తు తీసి పన్నెండో పేజీ తిప్పారు.

"లోపాలేమీ లేవని రాశారు."

"ఆయ్."

"ముప్ఫై యేళ్లు మిషన్లు చూశానండి. లోపం లేనిది ఇంకా చూడలేదు. మీదే మొదటిదవుతుందేమోనని వచ్చాను."

ఆఫీసరు గారు నా పక్కకి జరిగి చెవిలో, "ఓల్టేజి అనండి. ఓల్టేజి బాగాలేదని చెప్పేయండి," అన్నారు.

నేను మూత ఎత్తాను. కాళ్ల వైపు సెన్సర్ వేలాడాలి. మిరియం గింజ కాస్తా రేగిపండంత అయి ఉంది. పచ్చగా. ముట్టుకుంటే తడిగా వేలికి అంటింది. దాని మీద ఇంత కుంకుమ కూడా.

ప్రాణం అక్కడుందని చెప్పింది నేనే. నేను స్టేషనుకి వెళ్లాక, ఇంత ముఖ్యమైన రోజున ప్రాణానికి బొట్టు లేకుండా ఎలాగని, మా ఆవిడ ముద్దగా పసుపు కలిపి నిండుగా రాసింది.

ఏం జరిగిందో నాకు ఆ వేలి తడితోనే తెలిసిపోయింది. హేచరీల్లో గాలిలో తేమ చూడ్డానికి ఒక థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ కడతాం. తడి ఆరుతూ ఉంటే అది చల్లబడి అసలు కంటే తక్కువ చూపిస్తుంది. పదేళ్లు రోజూ చూసిందే. తడి పసుపు వల్ల మా సెన్సర్ చల్లగా ఉంది చల్లగా ఉందని చెప్తూనే ఉంది. దాని మాట నమ్మి పెట్టె మరుగుతూనే ఉంది.

వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ కాఫీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలో నిలబడి నా వేలి వైపే చూస్తోంది. మొహంలో రంగు లేదు.

నా చేతిలో గుడ్డ ఉంది. నా వీపు ప్రొఫెసరు గారి వైపుంది. ఒక్కసారి తుడిచేసి, తీగ వదులైందండీ, ఇప్పుడు చూడండి అంటే చాలు. మళ్లీ స్విచ్చి వేస్తే పెట్టె చక్కగా ముప్ఫై ఐదు దగ్గర ఆగుతుంది. గ్రాంటు వస్తుంది. మా ఆవిడ పరువు దక్కుతుంది. తుడుద్దామనే అనుకున్నాను, ఇప్పుడు గొప్పలు చెప్పుకోను. గుడ్డ పైకెత్తాను కూడా. అప్పుడు డాక్టరమ్మ గారి ఆసుపత్రిలో ఆరేసిన గుడ్డలు గుర్తొచ్చాయి. అన్నీ తడి గుడ్డలు. రోజంతా అవే. ఈ పెట్టెలో పడుకునేవాళ్లు చేసే పనే తడపడం కదా.

"అయ్యా," అన్నాను, "ఒకసారి ఇలా వచ్చి చూడండి."

అంతా చెప్పాను. ప్రాణం సంగతి నేనన్న మాటతో సహా. తడిగుడ్డ థర్మామీటరు సంగతి కూడా. ఆఫీసరు గారు చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ప్రొఫెసరు గారు నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వకుండా, "శుభ్రంగా తుడవండి," అన్నారు. తుడిచాను. పెట్టె చల్లారనిచ్చి మళ్లీ వేశాం. ముప్ఫై ఐదు దగ్గర కచ్చితంగా ఆగింది. అప్పుడాయన మంచినీళ్ల గ్లాసులో దూది ముంచి ఆయనే సెన్సర్‌కి చుట్టారు. మళ్లీ పెట్టె పరుగు మొదలుపెట్టింది.

"మరి బిడ్డ ఒకటికి పోస్తే?" అన్నారు.

నేను అదే అనబోతున్నాను. నాకంటే ముందు గుమ్మంలోంచి మా ఆవిడ, "పోస్తే ఏంటండీ, పోస్తారు. మా ముగ్గురు పిల్లలూ పుట్టగానే చేసిన మొదటి పని అదే," అంది.

ఆయన తన వైపు తిరిగారు. "రోజుకి ఎన్నిసార్లమ్మా?"

"పది, పన్నెండు. మగపిల్లాడైతే అది ఎంత దూరం పోతుందో చెప్పలేమండి. ఈయన దాన్ని సరిగ్గా కాళ్ల వైపే పెట్టారు, ఇంకేముంది."

ముగ్గురు మగవాళ్లం ఆ సెన్సర్ వైపు చూస్తూ నిలబడ్డాం. ముగ్గురు పిల్లల తండ్రినై ఉండి ఆ ఆలోచన నాకు ఎనిమిది నెలల్లో రాలేదు. కోడిపిల్లలతో ఈ గొడవ లేదు మరి.

"ఏం చేస్తారు?" అన్నారు ప్రొఫెసరు గారు.

"ఇంకో సెన్సర్ పెడతానండి. తల వైపు, పైన. రెండూ ఒకే మాట చెప్తున్నంతసేపే వేడెక్కాలి. ఒక డిగ్రీ తేడా వచ్చిందా, వేడి ఆగిపోయి బజరు మోగాలి. మా ఇంట్లో పద్ధతే."

అప్పుడు నవ్వారాయన. దరఖాస్తు నా చేతికివ్వకుండా మా ఆవిడ చేతికిచ్చి, "ఈ పన్నెండో పేజీ మళ్లీ రాయండమ్మా," అన్నారు. తను 'నిల్' కొట్టేసి రాసింది. నేను చెప్పినవి నాలుగు. నేను చెప్పనివి రెండు తనే రాసింది: గుడ్డ మార్చడానికి మూత ఎత్తిన ప్రతిసారీ వేడంతా పోతుంది; నీళ్ల పెట్టె బరువు, ఒక ఆడమనిషి మోయలేదు.

వాళ్లు వెళ్లిపోయాక మా ఆవిడ పళ్లెం ఠప్పున పెట్టింది.

"చెప్పకపోతే ఏం పోయిందండీ? పదిమందిలో నా పరువు తీశారు."

"పదిమంది ఎక్కడే? ఇద్దరే కదా."

"ఆ ఆఫీసరు కాకినాడ వెళ్లి పదిమందికి చెప్తాడు."

చెప్పాడు కూడా. తర్వాత నేను ఆ ఆఫీసుకి వెళ్తే గుమాస్తా, "పసుపు గారూ, రండి," అన్నాడు. మా ఆవిడ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న, తల వైపు సెన్సర్ పెట్టేటప్పుడు బిడ్డ చెయ్యి అందనంత ఎత్తులో పెట్టమని చెప్పింది. పెట్టాను.

గ్రాంటు మంజూరైందని ఉత్తరం వచ్చేసరికి దసరా వచ్చింది. డాక్టరమ్మ గారు ఓపీ గదిలో నిలబడే చదివి చెప్పారు. రెండు వాయిదాల్లో ఇస్తారు. మొదటిది రెండో సెన్సర్‌కీ, బజరుకీ, మద్రాసు పరీక్షకీ. అది దేనికి ఖర్చయిందో, పెట్టె ఎలా పనిచేస్తోందో కాగితాలు పంపితే రెండోది. ప్రొఫెసరు గారి రిపోర్టులోంచి ఒక ముక్క కూడా ఉత్తరంలో వేశారు. దరఖాస్తుదారుకి తన పరికరం ఎందుకు తప్పు చేసిందో స్వయంగా తెలుసు, అని. మంచిమాటేనా అని రెండుసార్లు అడిగాను. మంచిమాటే అన్నారావిడ.

పెట్టెని రైల్లో సామాన్లు వేసే బ్రేక్‌వ్యాన్‌లో వేసి మద్రాసు తీసుకెళ్లాను. లేబొరేటరీ కుర్రాళ్లు ఇంగ్లీషులో అడిగితే నేను స్క్రూడ్రైవరుతో జవాబు చెప్పాను. మొదటిసారి ఎర్త్ తీగ సరిగా లేదని ఫెయిల్ చేశారు. వెనక్కి తెచ్చి, సరిచేసి, మళ్లీ వెళ్లాను. రెండోసారి సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా లోపల దాచుకుని రాజమండ్రిలో దిగాను. స్టేషను నుంచి ఇంటికి కూడా వెళ్లకుండా డాక్టరమ్మ గారి బల్ల మీద పెట్టాను. ఆవిడ ప్రతి పేజీ చదివారు. "పెట్టె తీసుకురా," అన్నారు.

మొదటి బిడ్డ కడియం వైపు నుంచి వచ్చింది. ఆడపిల్ల, ఎనిమిదో నెలలో పుట్టింది. ఆరోజు నేను పొద్దున్నే వెళ్లి పెట్టె ఎదురుగా నిలబడ్డాను. ముప్ఫై ఐదు. చాలాసేపు అదే ముప్ఫై ఐదు. మధ్యాహ్నం కరెంటు పోయింది. నర్సు అలవాటుగా వేణ్ణీళ్ల సీసాల కోసం లేచి, పెట్టె మీద అంకెలు చూసి, మళ్లీ కూచుంది. ఆ కూచోవడం నాకు చాలా బాగుంది. నేనింకా దగ్గరికి జరిగాను.

బిడ్డ అమ్మమ్మ పక్కనే చాప మీద కూచునుంది. ఆవిడ ఎప్పట్నుంచి నన్ను గమనిస్తోందో, "ఎవరయ్యా నువ్వు?" అంది. "పొద్దుట్నించీ పిల్లనే చూస్తున్నావు. దిష్టి తగుల్తుంది, అవతలికి పో."

"పిల్లని కాదమ్మా, అంకెలు చూస్తున్నాను."

"అంకెలకీ తగుల్తుంది. పో."

డాక్టరమ్మ గారు వచ్చి, ఆవిడ చెప్పింది నిజమే, పో అన్నారు. వరండాలో బెంచీ మీద కూచున్నాను. గంటన్నర కూచున్నాను. కరెంటు వచ్చింది, ఫ్యాన్లు తిరిగాయి. డాక్టరమ్మ గారు బయటికొచ్చారు.

"ముప్ఫై నాలుగున్నర కంటే దిగలేదు," అన్నారు. "ఇంకోటి ఎప్పటికి చేస్తావు?"

"రెండో వాయిదా రాగానేనండి."

"దానికేం కాగితాలు పంపాలో పట్టుకురా. సాయంత్రం ఓపీ అయ్యాక కూచుందాం. మీ ఆవిణ్ణి కూడా తీసుకురా, నీ రాత నాకు అర్థం కాదు."

ధవళేశ్వరం బస్సు కోసం సెంటరుకి నడిచాను.